విషం ఎటు పోయింది?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "నీ పని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడు, కానీ అందరికీ అర్థమయ్యేటట్టు మాట్లాడు" అన్నాడు. మొదటిది తేలికే. రెండోదానికి వారం రోజులు పట్టింది.

నేను 1986లో ఈ బడిలో పదో తరగతి పాసయ్యాను. తాగునీటి శుద్ధి నా వృత్తి. సర్వీసులో ఎక్కువ భాగం పశ్చిమ బెంగాల్లో గడిచింది. అక్కడి బోరు నీళ్ళలో ఉండే ఆర్సెనిక్ అనే విషాన్ని పట్టుకోవడానికి బ్యాక్టీరియాను ఎలా వాడుకుంటారో ఈ రోజు చెబుతాను. అయితే ఆ కథ నాకు బెంగాల్లో మొదలు కాలేదు. ఈ బడిలోనే, మన సైన్సు గదిలోనే మొదలైంది.

నేను నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఈ హాల్లో నా ఈడువాళ్ళు చాలామందికి ఉన్నాయి. అవి నల్లగొండ జిల్లా మనకు వేసిన ముద్ర. ఇప్పుడంటే కృష్ణా నీళ్ళు వచ్చాయి గాని, మన చిన్నప్పుడు బోరింగు నీళ్ళే దిక్కు. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్. పళ్ళతో సరిపెట్టుకున్నవాళ్ళం అదృష్టవంతులం. నా బెంచీలో నా పక్కన కూర్చున్నవాడి కాళ్ళు పదేళ్ళకే వంకర తిరిగాయి.

తొమ్మిదో తరగతిలో ఒక రోజు మా సైన్సు సార్ బోరింగు నీళ్ళు బకెట్‌లో తెప్పించారు. సున్నం, పటిక వేసి కలిపారు. దీన్ని దేశమంతా 'నల్లగొండ టెక్నిక్' అంటారు, నాగ్‌పూర్‌లోని 'నీరి' సంస్థ రూపొందించింది. కాసేపటికి తెల్లని తెట్టు అడుక్కి దిగింది. పైన తేట నీళ్ళను సార్ ఇంకో బకెట్‌లోకి వంచి అడిగారు: "ఫ్లోరైడ్ తగ్గింది. మరి ఎటు పొయింది?"

"పోయింది సార్" అన్నాం అందరం.

సార్ మొదటి బకెట్ అడుగు చూపించారు. "ఎటూ పోలే. ఇండ్లనే ఉన్నది. దీన్ని తీస్కపోయి బావి గడ్డన పారబోస్తే ఏమైతది?"

ఎవరం జవాబు చెప్పలేదు. గంట కొట్టారు, ఆటలకు పోయాం.

ఆ ప్రశ్న నాకు పాతికేళ్ళ తర్వాత బెంగాల్లో మళ్ళీ ఎదురైంది.

ముందు ఆర్సెనిక్ సంగతి చెబుతాను. మన పెద్దలకు ఇది కొత్తది కాదు. పాషాణం అన్నా, తాళకం అన్నా, మణిశిల అన్నా అన్నీ ఆర్సెనిక్ ఉన్న పదార్థాలే. బెంగాల్లో అది నేలలోనే ఉంది. హిమాలయాల నుంచి నదులు తెచ్చిన ఒండ్రులో ఇసుక రేణువుల మీద ఇనుప తుప్పు పూత ఉంటుంది. ఆ తుప్పుకు ఆర్సెనిక్ అంటుకుని ఉంటుంది. అలా అంటుకుని ఉన్నంత కాలం నీటికి ప్రమాదం లేదు.

1970ల నుంచి అక్కడ చెరువు నీళ్ళు తాగి పిల్లలు కలరాతో, విరేచనాలతో చనిపోతున్నారని ఊరూరా గొట్టపు బావులు వేశారు. మంచి ఉద్దేశంతోనే వేశారు. ఆ నీళ్ళు తేటగా ఉండేవి, క్రిములు ఉండేవి కావు. ఆర్సెనిక్ ఉందేమోనని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. 1983లో కోల్‌కతాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల వైద్యుడు డాక్టర్ కె. సి. సాహా తన దగ్గరకు వచ్చిన పల్లె రోగుల ఒంటి మీది మచ్చలకు, అరచేతుల్లో, అరికాళ్ళలో లేచిన ఆనెల్లాంటి గట్టి బొడిపెలకు కారణం బావి నీళ్ళలోని ఆర్సెనిక్ అని గుర్తించారు. ఆ తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి ఊరూరా తిరిగి నీళ్ళు పరీక్షించి, ఎవరూ వినకపోయినా చెబుతూనే వచ్చారు. బంగ్లాదేశ్‌లో 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మంది దాకా ఈ ముప్పులో ఉన్నారని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన వ్యాసం అంచనా వేసింది.

తాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ఆ సంస్థ మార్గదర్శకం. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై తెచ్చి పెడితే, ఆ మొత్తం నీళ్ళలో ఒక్క గ్రాము. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. చాలా ఏళ్ళు తాగాక చర్మం మీద బయటపడుతుంది. కొందరికి అది క్యాన్సర్ దాకా పోతుంది. మచ్చలున్న ఆడపిల్లకు సంబంధాలు రావు. మన దగ్గర పళ్ళ చారలున్న అమ్మాయిల తల్లులు పడ్డ బాధ తెలిసినవాళ్ళకు ఇది నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి తుప్పుకు అంటుకుని ఉన్న ఆర్సెనిక్ నీళ్ళలోకి ఎలా దిగింది? ఇక్కడే బ్యాక్టీరియా వస్తుంది. మనం గాలి పీల్చి అన్నం అరిగించుకుంటాం. భూమి లోపల గాలి అందని పొరల్లో కొన్ని బ్యాక్టీరియా గాలికి బదులు ఇనుప తుప్పును వాడుకుంటాయి. ఒండ్రులో కుళ్ళిన ఆకూ అలమూ వాటికి తిండి. అవి తుప్పును వాడుకునేకొద్దీ అది కరిగి నీళ్ళలో కలుస్తుంది. తుప్పును పట్టుకుని వేలాడుతున్న ఆర్సెనిక్ కూడా దానితో పాటు దిగుతుంది. అంటే బెంగాల్ బావుల్లో విషం కలిపిందీ ఎక్కువగా బ్యాక్టీరియానే. ఎవరో ఫ్యాక్టరీవాళ్ళు పోసింది కాదు.

నీళ్ళలోకి దిగిన ఆర్సెనిక్ రెండు రూపాల్లో ఉంటుంది. రసాయన శాస్త్రంలో ఆర్సెనైట్, ఆర్సెనేట్ అంటారు. రెండు పేర్లూ ఒకేలా ఉండి తికమక పెడతాయి కాబట్టి ఈ పూటకు 'మూడు', 'ఐదు' అందాం. మూడు ఎక్కువ విషం. పైగా మామూలు నీళ్ళలో దానికి విద్యుదావేశం ఉండదు కాబట్టి ఫిల్టర్‌లో దేనికీ సరిగా అంటుకోదు. ఐదు కొంత తక్కువ విషం, దానికి రుణావేశం ఉంటుంది కాబట్టి ఇనుప తుప్పు కనిపిస్తే అతుక్కుపోతుంది. గాలి తగలని బావి నీళ్ళలో ఎక్కువగా ఉండేది మూడే. దాన్ని ఐదుగా మారిస్తే పట్టుకోవచ్చు. ఉత్త గాలికి పెడితే ఆ మార్పు చాలా నెమ్మది, రోజులు, వారాలు పడుతుంది. కొన్ని బ్యాక్టీరియాకు మాత్రం నిమిషాల పని.

ఈ సంగతి 1918లోనే తెలిసింది. దక్షిణాఫ్రికాలో పశువులకు పట్టిన పిడుదులు చావడానికి ఆర్సెనిక్ కలిపిన నీళ్ళ తొట్టిలో వాటిని ముంచి తీసేవారు. తొట్టిలో మందు బలం తగ్గిపోతూ ఉండేది. గ్రీన్ అనే శాస్త్రవేత్త వెతికితే, ఆ తొట్టిలోనే బతుకుతూ మూడును ఐదుగా మారుస్తున్న బ్యాక్టీరియా దొరికింది.

అన్నీ ఇలా మనకు మేలు చేసేవే అనుకోకండి. మన పేగుల్లో ఉండే ఈ. కోలై బ్యాక్టీరియాకు కూడా ఆర్సెనిక్‌ను తట్టుకునే జన్యువులున్నాయి. అది చేసేది తిరగేసిన పని. ఒంట్లోకి వచ్చిన ఐదును మూడుగా మార్చి బయటకు నెట్టేస్తుంది. దాని ప్రాణం నిలిచింది, నీళ్ళు మాత్రం మనకు ఇంకా చెడ్డవయ్యాయి. కాబట్టి "బ్యాక్టీరియా ఆర్సెనిక్‌ను తినేస్తుంది" అని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఆర్సెనిక్ ఒక మూలకం. పేడను ఎరువు చేసినట్టు దాన్ని ఇంకోటిగా చెయ్యలేం. బ్యాక్టీరియా దాని రూపం మార్చగలదు, చోటు మార్చగలదు, అంతే. అమెరికాలో ఒక సరస్సు బురదలో దొరికిన బ్యాక్టీరియా గంధకంతో కలిపి ఆర్సెనిక్‌ను పచ్చని తాళకంగా పేరబెడుతుంది. అక్కడా ఆర్సెనిక్ పోలేదు, తాళకంలో ఉంది.

మేం కట్టే ఫిల్టర్ చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. చేతిపంపు నీళ్ళు ఒక చిల్లుల పళ్ళెం మీద పడి, సన్నని ధారలుగా గాలిలోంచి కింది తొట్టిలోకి దిగుతాయి. నీళ్ళలో కరిగి ఉన్న ఇనుముకు గాలి తగిలి తుప్పు అవుతుంది. కింద ఇసుక పొర ఉంటుంది. ఆ ఇసుక రేణువుల మీద కొన్ని వారాల్లో జిగట పొర ఒకటి కడుతుంది. ఆ జిగటలోనే మూడును ఐదుగా మార్చే బ్యాక్టీరియా ఉంటుంది. ఐదుగా మారింది తుప్పుకు అంటుకుంటుంది, తుప్పును ఇసుక ఆపుతుంది. బ్యాక్టీరియాను ఎవరూ సీసాలో తెచ్చి పొయ్యరు. అది బావి నీళ్ళతోనే వస్తుంది, దాని చోటు అది చూసుకుంటుంది. గ్రీస్‌లో థెస్సలోనికి విశ్వవిద్యాలయం వాళ్ళు, నెదర్లాండ్స్‌లో నీటి ఇంజినీర్లు ఇదే సూత్రాన్ని ఇసుక ఫిల్టర్లలో చూసి, కొలిచి, రాశారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. పదిమంది మెచ్చుకునే పని చెప్పుకోవడానికి ఇలాంటి సభలు ఉంటాయి. కానీ నా ముందు మా సార్ కూర్చున్నారు.

2011లో నదియా జిల్లాలో ఒక ఊళ్ళో ఇలాంటి ఫిల్టర్ కట్టాం. దాన్ని చూసుకునే బాధ్యత ఆ ఊరి ఆవిడ ఒకామె తీసుకుంది. అందరం దీదీ అనేవాళ్ళం. ఆమె భర్తకు చేతుల నిండా బొడిపెలే. పరీక్షల్లో నీళ్ళు పరిమితికి లోపల వచ్చాయి. దీదీ ఇంటింటికీ తిరిగి, ఎర్ర రంగు వేసిన పాత పంపు మాన్పించి, అందరినీ మా పంపు దగ్గరకు తెచ్చింది.

కొన్ని నెలల తర్వాత నేను తనిఖీకి వెళ్తే, ఇసుక మీద గోధుమరంగు జిగట దట్టంగా కట్టి కనిపించింది. నా చదువంతా ఏమైందో ఆ రోజు. ఎవరి ఇంట్లోనైనా నీళ్ళ తొట్టిలో జిగట కడితే మనం ఏం చేస్తాం? అదే చెప్పాను. "దీదీ, బ్లీచింగ్ పౌడర్ వేసి శుభ్రంగా కడిగించండి" అన్నాను. ఆమె చెప్పినట్టే చేసింది. పాపం, రెండుసార్లు కడిగింది.

బ్లీచింగ్ పౌడర్‌తో జిగట పోయింది, దానిలోని బ్యాక్టీరియా చచ్చింది. ఇనుము తుప్పుగా మారడానికి గాలి చాలు కాబట్టి తుప్పు మామూలుగానే కట్టింది, ఇసుకలో ఆగింది. నీళ్ళు అద్దంలా వచ్చాయి. అన్నంలో పసుపు ఛాయ లేదు, టీ నల్లబడలేదు. ఊరివాళ్ళు చూసుకునే గుర్తులన్నీ బాగున్నాయి. ఐదుగా మార్చేవాళ్ళు లేక మూడు మాత్రం చాలావరకు దర్జాగా దాటిపోయింది. మేం మూడు నెలలకోసారి నీళ్ళు ల్యాబ్‌కు పంపేవాళ్ళం. ఆ ఫలితం వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ ఊరు రెండు నెలలకు పైగా ఆ నీళ్ళు తాగింది.

రిపోర్టులో నేను రాసిన మొదటి వాక్యం ఇప్పటికీ గుర్తుంది. 'నిర్వహణ లోపం వల్ల' అని రాశాను. ఆఫీసు భాషలో అది అబద్ధం కాదు. దాని అర్థం మాత్రం తప్పు దీదీది అని. ఆ కాగితం పంపేశాక ఊరికి వెళ్ళాను. దీదీ నన్ను తిట్టలేదు. "నీళ్ళు మంచివని అందరికీ నేనే చెప్పాను బాబూ. ఇప్పుడు నా మాట ఎవరు వింటారు?" అంది.

మర్నాడు ఊరివాళ్ళను పిలిచి, బ్లీచింగ్ వెయ్యమన్నది నేనేనని చెప్పాను. రిపోర్టు వెనక్కి తెప్పించి 'ఇంజినీరు ఇచ్చిన తప్పు సూచన వల్ల' అని మార్చి రాశాను. అందువల్ల నాకు ఆఫీసులో జరిగింది చిన్నదే. కొన్ని కుటుంబాలు మాత్రం మళ్ళీ ఆ ఎర్ర పంపు దగ్గరకే పోయాయి. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు నేను అక్కడ ఉన్నంత కాలం తిరిగి రాలేదు.

ఫిల్టర్‌ను బాగుచేసే ఉపాయం దీదీయే ఇచ్చింది. జిగట మళ్ళీ కట్టడానికి వారాలు పడుతుందని చెబితే ఆమె, "పెరుగు అయిపోతే పక్కింట్లో అడిగి తోడు తెచ్చుకోమా?" అంది. నిజమే. పక్క ఊళ్ళో బాగా నడుస్తున్న మా ఫిల్టర్ నుంచి రెండు బకెట్ల ఇసుక తెచ్చి కలిపాం. త్వరగానే తేరుకుంది. పాత ఇసుకతో కొత్త ఫిల్టర్‌కు తోడు వెయ్యడం ఈ వృత్తిలో తెలిసిన పద్ధతే. పుస్తకంలో నేనూ చదివాను. సమయానికి గుర్తొచ్చింది ఆమెకు.

ఇక సార్ అడిగిన ప్రశ్న. ఫిల్టర్‌ను అప్పుడప్పుడు కింది నుంచి నీళ్ళు ఎక్కించి కడగాలి, బ్యాక్‌వాష్ అంటాం. ఆ ఎర్ర బురద నీళ్ళు ఎటు పోతున్నాయని ఒక రోజు చూస్తే, కాలవ వెంట చెరువులోకి. చెరువు అడుగు బురదలో గాలి ఉండదు. ఇందాక చెప్పిన తుప్పును వాడుకునే బ్యాక్టీరియా అక్కడా ఉంటుంది. అది ఆ తుప్పును కరిగిస్తే ఆర్సెనిక్ మళ్ళీ నీళ్ళలోకి వస్తుంది. పంపులోంచి తీసి చెరువుకు ఇస్తున్నాం. ఆ కాలవ గట్టున నిలబడితే నాకు మన సైన్సు గదిలో బకెట్ అడుగు కనిపించింది.

తర్వాత ప్రతి ఫిల్టర్ పక్కనా గరుకు ఇసుక పరిచిన సిమెంటు తొట్టి కట్టించాం, వాన పడకుండా పైన కప్పు. బురద దాని మీద ఆరుతుంది. గాలి తగులుతున్నంత కాలం ఆర్సెనిక్ తుప్పును వదలదు. ఇది నా తెలివి కాదు. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ అరూప్ సేన్‌గుప్తా బృందం బెంగాల్ పల్లెల్లో ఆచరించి చూపించిన పద్ధతి. ఎండిన బురదను ఏటా తూచి, లెక్క రాసి, వేరే చోట భద్రం చెయ్యాలి. ఈ పనికి ఎవరూ రిబ్బన్ కత్తిరించడానికి రారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన బోరు నీళ్ళలో ఉన్నది ఫ్లోరైడ్, ఆర్సెనిక్ కాదు. మూడును ఐదు చేసినట్టు ఫ్లోరైడ్‌ను మార్చే బ్యాక్టీరియా ఏదీ లేదు. కాబట్టి ఈ ఫిల్టర్ మన దగ్గర పనికిరాదు. పనికొచ్చేది సార్ ప్రశ్న.

స్వర్ణోత్సవ కానుకగా బడికి ఆర్.ఓ. ప్లాంటు ఇద్దామని మన సంఘం అనుకుంటోంది. చాలా సంతోషం, నా వంతు నేనూ ఇస్తాను. ఇవ్వబోయే ముందు మూడు సంగతులు తేల్చుకుందాం. ఒకటి, మూడు నెలలకోసారి నీళ్ళు పరీక్ష చేయించి, ఫలితాన్ని పిల్లలు చదివేటట్టు గోడ మీద రాసేది ఎవరు? రెండు, ప్లాంటును చూసుకునే మనిషికి జీతంతో పాటు పని వివరంగా నేర్పేది ఎవరు? ఏది కడగాలో, ఏది కడగకూడదో కూడా చెప్పాలి. మూడు, ఆర్.ఓ. ప్లాంటు ఒక పక్క మంచినీళ్ళు ఇస్తే, ఇంకో పక్క అంతకంటే చిక్కటి ఫ్లోరైడ్ నీళ్ళు బయటకు వదులుతుంది. ఆ నీళ్ళు ఎటు పోతాయి? బడి వెనక బావి గడ్డకేనా?

ప్లాంటు ఖర్చుతో పాటు పదేళ్ళ పరీక్షలకు, మరమ్మతులకు కొంత సొమ్ము బ్యాంకులో విడిగా వేద్దామని నా విన్నపం. ఫలకం మీద పేర్లు ఒక వరుస తగ్గినా ఫరవాలేదు.

సార్, తొమ్మిదో తరగతిలో మీరు అడిగిన ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పకుండా ఆటలకు పోయాం. విషం ఎటూ పోదు సార్. మనం పెట్టిన చోట ఉంటుంది, ఎవరూ కనిపెట్టుకుని ఉండకపోతే తిరిగి వస్తుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక ఊరి ఖర్చయింది.